లెక్కతో మొదలైన సేవ
గడ్చిరోలి డాక్టర్ బంగ్ దంపతుల జీవితం – మన విద్యార్థులకు ఒక పాఠం



మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులో "చదువు పూర్తయ్యాక ఏం చేయదలచుకున్నారు?" అని ఒక గడి ఉంటుంది. అందులో మీలో చాలామంది "సమాజ సేవ చేస్తాను" అని రాస్తారు. చదివినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. ఇంటర్వ్యూలో "ఎలా చేస్తావమ్మా?" అని అడిగితే మాత్రం పేదపిల్లలకు పుస్తకాలు పంచుతాను, దుప్పట్లు పంచుతాను, రక్తదాన శిబిరం పెడతాను, ఈ మూడు జవాబులే తిరిగి తిరిగి వస్తాయి. అవి మంచి పనులే, మన ట్రస్టు కూడా చేస్తూనే ఉంది. అయితే అవి ఒక పూటలో అయిపోయే పనులు. ఒక మారుమూల జిల్లాకు వెళ్ళి, అక్కడే ఇల్లు కట్టుకుని, నాలుగు దశాబ్దాలుగా ఒకే పని పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఏం చేశారో, ఎలా చేశారో మీకు చెప్పాలని ఈ పాఠం రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమస్తాగా చేరి, గుమస్తాగానే రిటైరయ్యాను. అందుచేత వైద్యం సంగతి కన్నా వాళ్ళు లెక్కలు రాసిన పద్ధతి గురించే ఎక్కువ చెబుతాను. నా దృష్టిలో వాళ్ళ సేవకు ప్రాణం అక్కడే ఉంది.

ముందు ఊరి సంగతి. గడ్చిరోలి మహారాష్ట్రకు తూర్పు కొసన ఉన్న జిల్లా. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి దీన్ని ఏర్పాటు చేశారు. నాలుగింట మూడు వంతుల దాకా అడవే. గోండులు, మాడియా గోండులు ఎక్కువ. వానాకాలం వాగులు పొంగితే ఊళ్ళకు ఊళ్ళు తెగిపోతాయి. ఈ జిల్లా దక్షిణపు చివర ఉన్న సిరొంచ తాలూకాలో ఇప్పటికీ చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. గోదావరి దాటితే అవతల ఒడ్డున కాళేశ్వరం. మన చంద్రపూర్, బల్లార్‌పూర్ బస్తీల్లో సిరొంచ వైపు చుట్టరికాలు ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. అయితే బంగ్ దంపతులు పనిచేసింది సిరొంచ దగ్గర కాదు, అక్కడికి రెండు వందల కిలోమీటర్ల ఎగువన, గడ్చిరోలి పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఆ జిల్లాలోని ఒక బ్రాంచికి వేశారు. తునికాకు కోత అయిపోయి కూలి డబ్బు చేతికొచ్చే రోజుల్లో కౌంటరు ముందు నిలబడేందుకు చోటుండేది కాదు. ఒకసారి ఒక ముసలామె తన కోడలి ఖాతాలోంచి డబ్బు కావాలని వచ్చింది. ఖాతాదారు వేలిముద్ర లేకుండా ఇవ్వడం కుదరదు అన్నాను. "కోడలు లేవలేదు సారూ, పదిరోజుల పిల్ల పోయింది," అంది. మేనేజరు గారితో మాట్లాడి ఏదో ఏర్పాటు చేశాం. ఆ సాయంత్రం మా బ్రాంచి ప్యూను మామూలుగా ఒక మాట అన్నాడు. ఆ పిల్ల పుట్టినట్టూ కాగితం లేదు, పోయినట్టూ కాగితం లేదు, పేరు కూడా పెట్టి ఉండరు అని. నాలుగణాలు తేడా వస్తే రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే ఆఫీసులో పనిచేసేవాణ్ణి నేను. ఒక మనిషి వచ్చి వెళ్ళిపోతే ఏ పుస్తకంలోనూ పద్దు పడకపోవడం నాకు మింగుడు పడలేదు. తరువాత చాలా ఏళ్ళకు డాక్టర్ బంగ్ రాసినవి చదువుతుంటే, ఆయన పట్టుకున్నది సరిగ్గా ఈ సంగతే అని తెలిసింది.

డాక్టర్ అభయ్ బంగ్ 1950లో వార్ధాలో పుట్టారు. తండ్రి ఠాకూర్‌దాస్ బంగ్ గారు అర్థశాస్త్రం అధ్యాపకులు, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళినవారు. ఆయన పై చదువుకు అమెరికా బయలుదేరుతూ గాంధీగారి దగ్గర సెలవు తీసుకోవడానికి వెళితే, అర్థశాస్త్రం తెలియాలంటే అమెరికాకు కాదు, మన పల్లెలకు వెళ్ళమని గాంధీగారు అన్నారట. ఆయన ప్రయాణం మానుకున్నారు. ఇలాంటి ఇంట్లో, సేవాగ్రామ్ ఆశ్రమ వాతావరణంలో పెరిగిన పిల్లలు అభయ్, ఆయన అన్న అశోక్. తమ్ముడికి పదమూడు, అన్నకు పదహారేళ్ళ వయసులో ఒకనాడు సైకిళ్ళ మీద వెళుతూ, పల్లెటూళ్ళకు తిండీ ఆరోగ్యమూ రెండూ కావాలి కాబట్టి అన్న వ్యవసాయం, తమ్ముడు వైద్యం చూసుకోవాలని పంచుకున్నారట. ఆ వయసులో అనుకున్నవి చాలామందికి నిలబడవు. వీళ్ళకు నిలబడింది.

రాణీ బంగ్ గారు చంద్రపూర్ ఆడపడుచు. ఇద్దరూ నాగపూర్‌లో వైద్యం చదివారు. ఆయన జనరల్ మెడిసిన్, ఆమె స్త్రీవైద్యం. తొలి ఏళ్ళలో వార్ధా చుట్టుపక్కల పల్లెల్లో పనిచేశారు. అక్కడ జరిగిన ఒక విషయాన్ని కామర్స్ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. అప్పట్లో మహారాష్ట్ర ఉపాధి హామీ పథకంలో కూలి రోజుకు 4 రూపాయలు. ఈ రేటు ఒక ప్రభుత్వ కమిటీ నివేదిక ఆధారంగా నిర్ణయించినది. అభయ్ గారు ఆ నివేదిక తెప్పించుకుని వరసగా చదివారు. కూలిపని చేసే మనిషికి ఎంత తిండి కావాలి, ఆ సంపాదన మీద ఇంట్లో ఎందరు బతకాలి అనే మూలలెక్కల్లోనే తప్పులున్నాయని తేల్చి, సరిచేసిన లెక్కతో తన అధ్యయనం ప్రచురించారు. చివరికి ప్రభుత్వం కూలిని 12 రూపాయలకు పెంచింది. ఊరేగింపులు, ధర్నాలు వద్దని నేను అనను. వాటికి ఉన్న బలం వాటికి ఉంది. కానీ పల్లెలో ఒక డాక్టరు పెన్సిలు పట్టుకుని కూర్చుని, సర్కారు లెక్క తప్పని సర్కారు చేతనే ఒప్పించాడంటే ఆడిట్ తెలిసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

1984లో ఇద్దరూ అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యంలో డిగ్రీ తీసుకున్నారు. పరిశోధన ఎలా చేయాలో అక్కడ నేర్చుకుని తిరిగి వచ్చేశారు. 1986లో గడ్చిరోలిలో "సెర్చ్" అనే సంస్థ పెట్టారు. ఆఫీసుకు దొరికింది ఒక తునికాకు గోడౌను. అందులోనే పని మొదలు.

ముందుగా రాణీ గారి పని చెప్పాలి. పత్రికల్లో ఇది ఎప్పుడూ రెండో వరసలోనే కనిపిస్తుంది. పల్లెల్లో ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే ఆ రోజుల్లో అందరికీ కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఈ రెండే గుర్తొచ్చేవి. ఈమె ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడితే, వాళ్ళు ఎవరికీ చెప్పుకోని బాధలు బయటపడ్డాయి. వసా, అమిర్జా అనే రెండు గ్రామాల్లో ఆ గ్రామస్థుల సహకారంతోనే 650 మంది స్త్రీలను పరీక్షించారు. నూటికి 92 మందికి ఏదో ఒక గర్భకోశ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి 8 మందే. 1989లో ఈ ఫలితాలు "లాన్సెట్" అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో వచ్చాయి. ఆడవాళ్ళు చెప్పుకోలేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం ఎంత పొరపాటో దేశదేశాల వైద్యులకు ఈ రెండు చిన్న పల్లెలు చెప్పాయి.

ఆసుపత్రి కట్టే ముందు కూడా వీళ్ళు జనాన్నే అడిగారు. సర్కారు ఆసుపత్రికి ఎందుకు వెళ్ళరు అని గోండులను అడిగితే వచ్చిన జవాబులు చూడండి. ఆ పెద్ద భవనం చూస్తే భయం. డాక్టర్లు, నర్సులు తెల్లబట్టలు వేసుకుంటారు, మేం శవానికి కప్పేది తెల్లబట్ట. రోగి పక్కన చుట్టాలను ఉండనివ్వరు. మా దేవత అక్కడ లేదు. మామూలుగా అయితే ఇవి మూఢనమ్మకాలని కొట్టిపారేసి వాళ్ళకు "అవగాహన" కల్పించే సభ ఒకటి పెడతాం. వీళ్ళు అలా చేయలేదు. గడ్చిరోలి నుంచి ధనోరా వెళ్ళే దారిలో శోధ్‌గ్రామ్ పేరుతో ఆవరణ కట్టినప్పుడు, ఆసుపత్రిని గోండు పల్లెలాగే గుడిసెల వరసగా కట్టారు. చుట్టాలు రోగితో పాటే ఉండి వండుకోవచ్చు. ఆసుపత్రికి దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. జనం వచ్చారు.

ఇక పసిపిల్లల లెక్క. ఈ పాఠంలో అసలు భాగం ఇదే కాబట్టి నిదానంగా చదవండి.

వీళ్ళు పని చేయదలచుకున్న గ్రామాల్లో ప్రతి పుట్టుకా, ప్రతి చావూ నమోదయ్యే ఏర్పాటు చేశారు. ఊళ్ళో ఉన్న కార్యకర్త ఎప్పటికప్పుడు రాస్తుంది. అది చాలక, ఆరు నెలలకొకసారి ఇంటింటికీ తిరిగి విడిగా సర్వే చేసి, రెంటినీ సరిపోల్చి చూస్తారు. మన బ్యాంకుల్లో ఒకరు రాసిన వోచరును ఇంకొకరు తనిఖీ చేసినట్టన్నమాట. అలా చూస్తే న్యుమోనియా, అంటే ఊపిరితిత్తులకు జబ్బు చేసి రొమ్ము ఎగరేయడం, పిల్లల చావులకు ఒక పెద్ద కారణమని తేలింది. మందు ఖరీదైనది కాదు, మాత్రలే. ఇబ్బంది ఎక్కడంటే, మామూలు దగ్గుకూ న్యుమోనియాకూ తేడా ఊళ్ళో ఎవరు పోల్చాలి? నిమిషానికి పిల్ల ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే తెలుస్తుంది. రెండు నెలల లోపు పిల్లకు 60, అంతకు మించిన పసిపిల్లకు 50 దాటితే అనుమానించాలి. కానీ మంత్రసానులకు పది పన్నెండుకు మించి అంకెలు రావు.

దీనికి వాళ్ళు చేసిన సాధనం నాకు భలే నచ్చింది. పూసల చట్రం ఒకటి, దానికి ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయే లోపల ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా. అంతే. పదికి మించి లెక్కపెట్టనక్కర్లేదు. మా కౌంటరు దగ్గర కూడా చదువురాని ఆడవాళ్ళు నోట్లను పదేసి చొప్పున దొంతరలు పెట్టి, దొంతరలు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఒక్కసారి కూడా తప్పు వచ్చేది కాదు. వాళ్ళకు తెలివి లేక కాదు, మన పద్ధతి వాళ్ళకు అందక. 1990లో ఈ న్యుమోనియా పని ఫలితాలు కూడా లాన్సెట్‌లో వచ్చాయి. ఈ కార్యకర్తలు చికిత్స చేసిన పిల్లల్లో చనిపోయినవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఈ ఏర్పాటు లేని ఊళ్ళలో జబ్బు చేసిన పిల్లల్లో నూటికి 13 మందికి పైగా పోయారు.

అయినా పుట్టిన మొదటి 28 రోజుల్లో పోయే పిల్లల సంఖ్య ఎక్కువగానే ఉంది. వెయ్యిమంది పుడితే 62 మంది నెల తిరక్కుండానే వెళ్ళిపోతున్నారు. పసికందులను కాపాడాలంటే పెద్ద ఆసుపత్రి, గాజుపెట్టె, నిపుణులు ఉండాలని వైద్యశాస్త్రం చెబుతుంది. ఊరు దాటాలంటే వాగు అడ్డం. ఒక వాన సాయంత్రం తన దగ్గరికి తెచ్చిన పసిబిడ్డ కళ్ళముందే పోతే, ఆ ఒక్క చావుకు కారణాలు లెక్కవేయగా పద్దెనిమిది తేలాయని అభయ్ గారు చెప్పారు. తల్లికి చాలని తిండి దగ్గర్నుంచి, పొంగిన వాగు, దగ్గరలో లేని వైద్యం వరకు. పద్దెనిమిదీ పోగొట్టాలంటే ఒక తరం పడుతుంది. గొలుసులో ఏదో ఒక్క లంకె తెగితే చాలు, బిడ్డ బతుకుతుంది. ఏది తెంచగలం? ఆయన చూసుకున్న జవాబు, వైద్యం ఇంటికే వెళ్ళడం.

ఊరికి ఒక ఆడమనిషిని, అయిదు నుంచి పది తరగతుల వరకు చదివిన ఆమెను, ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. పేరు ఆరోగ్యదూత. కాన్పు సమయానికి వెళ్ళాలి, తరువాత నెలరోజులూ మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. బిడ్డను తూచాలి, జ్వరం చూడాలి, వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టడం నేర్పాలి, ఊపిరి అందని బిడ్డకు సంచీ-మాస్కుతో గాలి కొట్టాలి. ఒంట్లో విషజ్వరం లక్షణాలు కనిపిస్తే సూదిమందు కూడా వేయాలి. ఇది విని కొందరు వైద్యులు అభ్యంతరం చెప్పారు. ఏడో తరగతి చదివిన మనిషి పసిగుడ్డుకు ఇంజెక్షన్ వేయడమేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. దానికి ఉపన్యాసం కాదు జవాబు, రిజిస్టరు జవాబు. సూదిమందు మొదలుపెట్టకముందు అలాంటి ఇన్ఫెక్షన్ కేసులు 163 నమోదైతే నూటికి 16.6 మంది పోయారు. మొదలుపెట్టాక 71 కేసుల్లో నూటికి 2.8. అంటే లెక్కకు ఇద్దరు.

39 గ్రామాల్లో ఈ సేవ, 47 గ్రామాల్లో మామూలుగా ఉన్న సర్కారు వైద్యమే. ఆ 47 ఊళ్ళను ఎందుకు గమనించారు అని మీరు అడగాలి. ఊరికే చావులు తగ్గాయంటే, రోడ్డు పడటం వల్ల తగ్గాయేమో, పంటలు బాగా పండటం వల్ల తగ్గాయేమో చెప్పలేం. పక్క ఊళ్ళలో తగ్గకుండా ఇక్కడే తగ్గితే అప్పుడు పద్దు మన పేరున రాసుకోవచ్చు. మూడో సంవత్సరానికి ఇక్కడ వెయ్యికి 62 ఉన్నది 25.5కు దిగింది. అక్కడ 59.6 దగ్గరే ఉంది. 1999 డిసెంబరులో ఇది ప్రచురించారు. ఒక బిడ్డను చూసుకునేందుకు అయిన ఖర్చు 5.3 డాలర్లు, ఆనాటి రేటున సుమారు రెండు వందల రూపాయలు. చూసుకున్న ప్రతి 18 మంది పిల్లలకు ఒక చావు తప్పింది. ఒక ప్రాణానికి ఎంత ఖర్చయిందో మీరే గుణించుకోండి. నేను మొదటిసారి గుణించినప్పుడు ఎక్కడో సున్నా వదిలేశాననుకుని మళ్ళీ చేశాను.

2001లో వీళ్ళూ మరికొన్ని సంస్థలూ కలిసి రాష్ట్రంలోని పిల్లల చావుల మీద ఒక మరాఠీ నివేదిక తెచ్చాయి. పేరు "కోవళీ పానగళ్", అంటే లేత ఆకులు రాలిపోవడం. సర్కారు రిజిస్టర్ల ప్రకారం పోయిన పిల్లలకూ, ఊళ్ళలో నిజంగా పోయిన పిల్లలకూ పొంతన లేదని అది చూపించింది. చాలా చావులు పుస్తకంలోకే రావడం లేదు. నాకు మా ప్యూను మాట గుర్తొచ్చింది. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వమే ఒక కమిటీ వేసి, దానికి అభయ్ గారిని అధ్యక్షుణ్ణి చేసింది. 2011 నుంచి కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఆశా కార్యకర్తల ద్వారా ఇంటింటి నవజాత శిశు సంరక్షణ మొదలుపెట్టింది. ఆశా బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. మీ బస్తీకి వచ్చే ఆశా చేతిలోని సంచి, త్రాసు వెనక గడ్చిరోలి పల్లెలు ఉన్నాయి.

అన్నీ గెలిచారని రాయను. ఆడవాళ్ళ పట్టుదలతో 1993లో జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. మన నెల్లూరు దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజులే అవి. నిషేధం తరువాత కూడా దొంగసారా పోలేదు. 2016లో "ముక్తిపథ్" అనే పేరుతో మద్యం, పొగాకుల మీద మళ్ళీ పని మొదలుపెట్టవలసి వచ్చింది. నిషేధం ఒక్కటే చాలదని నా అభిప్రాయం కూడా. కూలిరోజు సాయంత్రం బ్యాంకు బయట నిలబడ్డ భర్తలను చూసినవాణ్ణి నేను. 1995లో అభయ్ గారికి నలభై నాలుగేళ్ళకే గుండెపోటు వచ్చింది. దాని మీద కూడా ఆయన మరాఠీలో ఒక పుస్తకం రాశారు, తన తిండీ తీరూ ఎలా లెక్క తప్పాయో సహా. 2003లో మహారాష్ట్ర భూషణ్, 2018లో పద్మశ్రీ దంపతులిద్దరికీ కలిపి వచ్చాయి. సన్మానాల సంగతి ఇంతటితో చాలు.

ఈ ఏడు స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థులకు ఒక పని. మీ వీధిలో, లేదా మీ అమ్మమ్మగారి ఊళ్ళో, ఇరవై ఇళ్ళు ఎంచుకోండి. గడచిన మూడేళ్ళలో ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళు ఎందరు, పోయినవాళ్ళు ఎందరు, వాళ్ళలో సర్టిఫికెట్ ఉన్నది ఎందరికి, ఆశా ఎన్నిసార్లు వచ్చింది, ఇవి అడిగి రాయండి. పేర్లు వద్దు, ఇంటికి ఒక నంబరు వేసుకోండి. బిడ్డ పోయిన ఇంట్లో అయితే అమ్మనో పిన్నినో వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు కూర్చుని మాట్లాడండి, పుస్తకం తరువాత తీయండి. చెప్పడం ఇష్టం లేదంటే లేచి వచ్చేయండి, ఆ గడి ఖాళీగా ఉంచండి, ఊహించి మాత్రం నింపకండి. రాసింది మీ స్నేహితుడో స్నేహితురాలో విడిగా వెళ్ళి మరోసారి సరిచూడాలి. రెండు లెక్కలూ కలవకపోతే కలవలేదనే రాసి తీసుకురండి, ఇంటర్వ్యూలో దాని గురించే మాట్లాడుకుందాం. ఇందుకోసం కొన్ని నోటుపుస్తకాలకు గడులు గీసి ఉంచాను. కావలసినవారు ఆదివారం ఉదయం ట్రస్టు ఆఫీసుకు వచ్చి తీసుకెళ్ళవచ్చు.